గాజునార పడవ

మా నెల్లిమర్లకి సముద్రం లేదు. ఉన్నదల్లా చంపావతి. ఆ తల్లి వానాకాలంలో నాలుగు రోజులు ఒడ్డులొరుసుకుని పారి, వేసవి వచ్చేసరికి ఇసకలో ముఖం దాచుకుంటుంది. అటువంటి ఊళ్ళో పుట్టినవాడు పడవల సంగతి రాయడమేమిటని మీరడగవచ్చు. అడగవలసిందే. నా దగ్గర సమాధానాలు రెండున్నాయి. ఆ చంపావతే కోనాడ దగ్గర సముద్రంలో కలుస్తుంది గనక, నది తరఫు చుట్టరికం కొద్దీ సముద్రం మాకు మేనమామ వరస అవుతుంది. ఇది మొదటిది. 2008లో జరిగిన నియోజకవర్గాల పునర్విభజనలో పూసపాటిరేగ, భోగాపురం మండలాలు మా నెల్లిమర్ల నియోజకవర్గంలో చేరాయి. అంచేత ఓట్ల లెక్కలో మాకు నిక్షేపంలాంటి సముద్రం ఉన్నట్టే. ఇది రెండోది.

ఇవి రెండూ నవ్వుకోడానికి. అసలు కారణం నార.

మాది నార పండే సీమ. ఊరి పేరు చెబితే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది జనపనార మిల్లు. చుట్టుపక్కల పొలాల్లో వేసేది గోగు. ఆ గోగునార భీమునిపట్నం రేవులో ఓడలెక్కింది గనక పరదేశపు బజార్లలో దానికి ‘బిమ్లీ జూట్’ అనే పేరు స్థిరపడిపోయింది. గోగుకట్టలు చెరువులో ఊరబెట్టినప్పుడు వచ్చే కంపు ఉంది చూశారూ, అదే నా చిన్నతనపు వాసన. ఊరిన కాడ మీంచి నార ఒలవడం చూసేవాడికి మహా తేలిక. చేసేవాడికి మాత్రం ఎంత లాగాలో, ఎక్కడ ఆపాలో తెలియాలి. తెలియకపోతే నార కాస్తా తెగి పీచుపీచై చేతికొస్తుంది.

మా నాన్న సైకిలు మీద జనుపదారం ఉండలూ, తాళ్ళ చుట్టలూ కట్టుకుని చింతపల్లి వైపు పల్లెలకి వారానికోసారి వెళ్ళేవాడు. వలలు అప్పట్లో నూలుతోనూ, జనుపదారంతోనూ అల్లేవారు. సెలవుల్లో నన్ను ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకునేవాడు. తరువాత నైలాను దారం వచ్చింది. అది కుళ్ళదు, ఎండబెట్టక్కర్లేదు, తేలిక. నాన్న సైకిలు ఇంట్లో గోడకి జారగిలబడింది. వ్యాపారం పోయింది గాని స్నేహాలు మిగిలాయి. అందులో ఒక స్నేహం మొన్న వేసవిలో నన్ను మళ్ళీ ఆ ఒడ్డుకి లాక్కెళ్ళింది.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరపడవలతో వేట నిషేధం. చేపలు గుడ్లుపెట్టే కాలం గనక వాటికి సెలవులు. మనుషులకి మాత్రం అవి మరమ్మతుల రోజులు. ఒడ్డు పొడుగునా ఎవరో ఒకరు వల బాగుచేసుకుంటూనో, ఇంజను విప్పుకుంటూనో కనబడతారు. దూరాన చింతపల్లి లైటుహౌసు, దగ్గర్లో నాలుగు కొబ్బరిచెట్లు, వాటి నీడలో బోర్లించిన ఒక పాత ఫైబర్ పడవ. దాని పక్కన గొంతుక్కూచున్న మనిషిని ఎన్నేళ్ళ తరువాతైనా గుర్తుపట్టాను. మా నాన్న ఆయన్ని ‘బావా’ అనేవాడు గనక నాకు మావ. డెబ్బై అయిదు దాటాయి. పడవ మీద వంగి గరగరా గీకుతున్నవాడు మనవడు. వాడికి ఇరవై ఒకటి.

“ఏటి బాబూ, దారి తప్పొచ్చేవా?” అన్నాడు మావ.

“పడవకేమైంది మావా?”

“ఏటవుద్ది? నాకయ్యిందే దానికీ అయ్యింది. సర్మం లేచిపోతంది.”

దగ్గరికెళ్ళి చూశాను. పైన నీలం రంగు పెచ్చులు పెచ్చులుగా లేచింది. దాని కింద ఆకుపచ్చ, ఆ కింద ఇంకేదో పసుపు. అడుగున మధ్యదూలం పొడుగునా ఇసక రాసుకుని రాసుకుని గాజుపీచు బయటపడింది. వెనక భాగంలో, లోపల నీరు నిలిచే చోట, కాలిన చేతికి లేచినట్టు నాలుగైదు బొబ్బలు. ఇదంతా గీకి, నున్నజేసి, చిల్లులు పూడ్చి, కొత్త రంగు వెయ్యాలి. జూన్ 15 తెల్లవారేసరికి పడవ నీళ్ళమీద ఉండాలి.

“నేకపోతే?” అన్నాను, ఆయన యాసలోకి జారిపోయి.

మావ మనవడి వైపు చూడకుండా చెప్పాడు. “నేకపోతే ఈడు వీరావల్ పోతానంటన్నాడు.”

వీరావల్ గుజరాత్‌లో ఉంది. మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తీరం నుంచి మగవాళ్ళు ఏటా అక్కడికి కూలికి వెళ్తారు. సొంత సముద్రం గుమ్మంలో ఉండగా ఆ దేశపు చివర ఇంకొకరి బోటెక్కి నెలల తరబడి వేట చేస్తారు. 2018 నవంబరులో అలా వెళ్ళినవాళ్ళలో కొందరు పాకిస్తాన్ గస్తీకి చిక్కి, 2020 జనవరి దాకా ఇల్లు చూడలేదు. అంచేత ‘వీరావల్’ అన్న మాట ఆ ఒడ్డున ఎవరూ పెద్దగా అనరు. అలా పక్కకి తిరిగే అంటారు.

మాట మార్చడానికి అడిగాను. “మీ రోజుల్లో కూడా ఇలాగే గీకేవారా మావా?”

ఆయన నవ్వాడు. “గీకడమేటి బాబూ? ఇప్పేవోళ్ళం.”

ఈ ‘విప్పడం’ సంగతి చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

బంగాళాఖాతం ఒడ్డున మన వైపు సహజమైన రేవులు తక్కువ. ఓడలు దూరాన లంగరు వేసేవి. ఓడకీ ఒడ్డుకీ మధ్య మూడు నాలుగు వరసల కెరటాలు. ఇంగ్లీషువాళ్ళ బోట్లు మేకులతో బిగించిన గట్టి బోట్లు. ఆ కెరటం ఎత్తి ఇసకమీద కొడితే పలక పగిలి ఊరుకునేవి. మనవాళ్ళ పడవలో ఇనప మేకు ఒక్కటి ఉండేది కాదు. పలకకీ పలకకీ అంచుల్లో బెజ్జాలు పొడిచి, సందులో ఎండుగడ్డి పేటలు పెట్టి, కొబ్బరిపీచు తాడుతో బిగించి కుట్టేసేవారు. లోపల పక్కటెముకల్లాంటి చట్రం కూడా ఉండేది కాదు. కెరటం కొట్టినప్పుడు పడవ ఒళ్ళంతా సాగి, నలిగి, మళ్ళీ సర్దుకునేది. పట్టు విడుపు తెలిసిన పడవ అన్నమాట. ఇంగ్లీషువాళ్ళు దీన్ని ‘మసూలా బోటు’ అన్నారు. మచిలీపట్నం పేరుమీదుగా ఆ మాట వచ్చిందని కొందరంటారు. మనవాళ్ళు మాత్రం దానికేమీ బిరుదులు పెట్టక, పడవ అనే అన్నారు.

ఇనుము ఎందుకు వాడలేదనడానికి ఒక తమాషా కారణం కూడా ఉంది. 11వ శతాబ్దపు భోజరాజు పేర చలామణిలో ఉన్న ‘యుక్తికల్పతరువు’లో, సముద్రం మీద వెళ్ళే ఓడల అడుగున ఇనుము వాడవద్దనీ, నీటిలోని అయస్కాంత శిలలు దాన్ని లాగేస్తాయనీ హెచ్చరించారు. రాజుగారి భయం ఎలా ఉన్నా, బెస్తవాడి కారణం అంతకంటె గట్టిది. మేకు తుప్పుపడితే పలక చెడుతుంది. తాడు చెడితే తాడే మారుతుంది.

మద్రాసు ప్రభుత్వ మత్స్యశాఖకి డైరెక్టరుగా పనిచేసిన జేమ్స్ హార్నెల్ అనే దొర ఈ దేశపు పడవలన్నిటినీ తిరిగి చూసి, కొలిచి, 1920లో వాటి పుట్టుపూర్వోత్తరాల మీద పెద్ద రచన ప్రకటించాడు. ఆయన కాలానికి ఈ కుట్టు పడవల మంచి రోజులు అప్పుడే వాలిపోతున్నాయి. డచ్చివారు 17వ శతాబ్దంలో భీమునిపట్నంలో దిగినప్పటినుంచీ, 1825లో అది ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చాక కూడా, సరుకు ఓడకి చేరిందంటే కుట్టు పడవ చలవే. మా గోగునార కూడా ఆ కొబ్బరిపీచు కుట్ల మీదే సముద్రం దాకా వెళ్ళింది. 1893, 96 మధ్య తూర్పుతీరపు రైలుమార్గం పడింది. మా నెల్లిమర్లలో రైలు ఆగింది. 1933లో విశాఖపట్నంలో పెద్ద హార్బరు తెరిచారు. ఇంక ఓడకీ ఒడ్డుకీ మధ్య పడవతో పనేముంది? సరుకులు మోసిన పడవ అలివి వల వెయ్యడానికి మాత్రమే మిగిలింది.

మావ చిన్నతనం ఆ మిగిలిన కాలంలోది.

“తాడు వదులైతే కుట్టు ఇప్పీసి, పలకలు ఇసక మీద వరసగా పరిచీవోళ్ళం. మా అయ్య ఒక్కో పలకా తట్టి సూసీవోడు. పుచ్చింది తీసి పొయ్యిలోకి, మంచిది మళ్ళీ పడవలోకి. కొత్త తాడు, కొత్త గడ్డి. మళ్ళీ కుడితే ఏటి? కొత్త పడవే!”

ఆ లెక్కన ఆ పడవకి వయసెంతో చెప్పడం కష్టం. ఏటేటా కొంత పాతది పోయి కొంత కొత్తది వచ్చేది. తాతనాటి పడవే, కాని అందులో తాతనాటి పలక ఒక్కటి కూడా ఉండకపోవచ్చు. విప్పడమంటే పాడుచెయ్యడం కాదు, బతికించడం.

తరువాత చెక్కకి కరువొచ్చింది. పడవకి పనికొచ్చే మంచి మాను ధర కొండెక్కింది. 1952లో నార్వే దేశం సాయంతో కేరళలోని నీండకర దగ్గర మరపడవల ప్రయత్నం మొదలైంది. అది రేవులున్న పడమటి తీరం. మన తీరం సంగతి వేరు. ఇక్కడ పడవ రోజూ కెరటం దాటాలి, రోజూ ఇసక మీదికెక్కాలి. 1979లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ మద్రాసు కేంద్రంగా, స్వీడన్ దేశపు సొమ్ముతో ‘బంగాళాఖాత కార్యక్రమం’ అని ఒకటి నడిపింది. ఆ ఇంజనీర్లు ఒడ్డుకెక్కే పడవలకి రకరకాల నమూనాలు గీసి, కట్టించి, మన కెరటాల మీదే పరీక్ష చేశారు. ఇసక తగిలేసరికి పైకి లేచే పంకా ఇంజనూ, ఫైబర్ ఒళ్ళూ ఆ ప్రయోగాల్లోవే. మెల్లిమెల్లిగా ఒడ్డున కుట్టు పడవలు తగ్గి ఫైబర్ పడవలు పెరిగాయి. చివరికి నాలుగు దుంగలు కలిపి కట్టే తెప్ప కూడా ఫైబర్ తెప్ప అయి కూచుంది.

ఇంతకీ ఈ ఫైబరేమిటి? గాజు. మన ఆడపిల్లల చేతికి వేసుకునే గాజే. దాన్ని కరిగించి, దారాలుగా లాగితే అది నారవుతుంది. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శన జరిగింది. వివేకానందస్వామి ఉపన్యసించిన సర్వమత సభ ఆ సందర్భంలోదే. అదే ప్రదర్శనలో లిబ్బీ అనే గాజు వ్యాపారి గాజుపోగులూ పట్టుపోగులూ కలిపి నేసిన గౌను ఒకటి పెట్టాడు. జనం విరగబడి చూశారు గాని, కట్టుకోడానికి అది ఎవరికి పనికొస్తుంది? తరువాత 1932లో అమెరికాలో డేల్ క్లైస్ట్ అనే యువకుడు రెండు గాజు దిమ్మలు అతకబోయాడు. గాలి గొట్టంలోంచి వచ్చిన గాలి కరిగిన గాజుకి తగిలి, అది సన్నని దూదిపింజలై ఎగిరింది. అతకాలనుకున్నది అతకలేదు. లోకానికి గాజునార మాత్రం చవగ్గా దొరికింది. ఆ నారని రెజిన్ అనే జిగురులో తడిపి, అచ్చులో పరిచి ఆరబెడితే రాయిలా గట్టిపడుతుంది. 1942లో ఒహాయో రాష్ట్రంలో రే గ్రీన్ అనే ఆయన ఆ పద్ధతిలో చిన్న పడవ చేశాడు. మొదటి ఫైబర్ పడవల్లో అదొకటి.

కాబట్టి చూడండి. అప్పుడూ నారే, ఇప్పుడూ నారే. అప్పటి నార పలకల్ని కలిపి కుట్టింది. ఇప్పటి నార తానే పలకైంది. మా నార సీమవాడికి పడవ సంగతి ఎందుకని అడిగిన మీకు ఇదే నా జవాబు.

ఫైబర్ పడవ కొత్తగా వచ్చినప్పుడు అది పుచ్చదు, పురుగు పట్టదు, కుట్టక్కర్లేదు, ఇంక దానికి చావు లేదన్నారు. నైలాను దారం వచ్చినప్పుడు మా నాన్నకి చెప్పిన మాటలే ఇంచుమించు. అందులో అబద్ధమేమీ లేదు. పురుగు పట్టని మాట నిజం. కాని దానికి ఒంటి మీద ఒక సన్నని పొర ఉంటుంది. దాన్ని జెల్ కోటు అంటారు. మందం అర మిల్లీమీటరు, అంటే రెండు మూడు పోస్టుకార్డులు దొంతి పెట్టినంత. నీళ్ళని ఆపేది ఆ పొరే. అది చిట్లినా, అరిగినా నీరు మెల్లగా లోపలికి దిగుతుంది. లోపల సరిగ్గా ఆరని రెజిన్‌తో కలిసి పులుస్తుంది. ఆ పులుపు నీరు ఉబ్బి పైపొరని ఎత్తితే బొబ్బ. మావ పడవ బొబ్బని మనవడు సూదిమొనతో పొడిచాడు. జిగటగా ఒక చుక్క వచ్చింది. వాసన చూడమన్నాడు. ఆవకాయ జాడీ దగ్గర కాదుగాని, వెనిగర్ సీసా దగ్గర వచ్చే వాసన.

రేవుల్లో ఎప్పుడూ నీళ్ళలోనే ఉండే పడవలకి ఈ బొబ్బల రోగం ఎక్కువ. మన ఒడ్డు పడవలకి బొబ్బల కంటె అరుగుదల ఎక్కువ. రోజూ ఇసక మీద ఈడ్చడం, రోజూ నీళ్ళలోకి తొయ్యడం. ఇసకతో రుద్దడానికి మనం కాగితం కొనుక్కొస్తాం గాని, ఆ పని గంగమ్మ రోజూ ఉచితంగానే చేస్తోంది.

కాగితమంటే గుర్తొచ్చింది. వడ్రంగులు దాన్ని ఉప్పుకాగితం అంటారు. ఆ గరుకు ఉప్పురవ్వలా ఉంటుందని కాబోలు. వెనకటికి పనివాళ్ళు ఎండిన సొరచేప తోలుతో చెక్క నున్నజేసేవారు. 19వ శతాబ్దంలో ఇంగ్లండులో గాజుపొడిని కాగితానికి అంటించి అమ్మారు. అంటే చెక్కని గాజు గీకింది. ఇప్పుడు గాజు పడవనే గీకవలసి వచ్చింది. కాగితం వెనక అంకె వేసి ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. ముందు అరవయ్యో ఎనభయ్యో, తరువాత నూట ఇరవై, ఆఖర్న రెండువందల ఇరవై. మరీ నున్నగా చేస్తే కొత్త రంగు పట్టదు. రంగు పట్టడానికి ఒంటికి కాస్త గరుకుండాలి. మనుషులకైనా అంతేనేమో!

ఇనప తలుపుకి వాడే రంగు ఊడగొట్టే మందు పూస్తే పని సులువు కదా అని నా అతితెలివి నేను చూపించబోయాను. మనవడు తల అడ్డంగా తిప్పాడు. ఆ మందు రంగుతో పాటు జెల్ కోటునీ మెత్తబరుస్తుంది. మంటతో కాల్చడమంటే మరీ ప్రమాదం, రెజినే అంటుకుంటుంది. కడిగి, ఆరబెట్టి, చేత్తో గీకడమే దారి. ముందు మంచినీళ్ళతో కడగాలి. లేకపోతే ఉప్పూ, జిడ్డూ కాగితంతో పాటు ఒంట్లోకి రుద్దినట్టవుతుంది. ఆ ఒడ్డున మంచినీళ్ళు బిందెల్తో తేవాలి. కోడలు తెచ్చింది. పడవకి స్నానం చేయించడానికి ఆ పూట పన్నెండు బిందెలు పట్టాయి.

మనవడు గ్రైండరు ఆన్ చేశాడు. ఒక్కసారి తెల్లని దుమ్ము లేచింది. కొబ్బరిచెట్టు సగం కనబడలేదు. వాడి ముఖానికి ఏమీ లేదు. కనుబొమలు నెరిసిన ముసలివాడిలా అయిపోయాడు. చేతులు గోక్కుంటూ, “దురదండీ, రెండ్రోజులుంటాది” అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. మా వీధిలో దూదేకే ఆయన ఉండేవాడు. విల్లు మీటేముందు తువ్వాలుతో ముక్కూ నోరూ బిగించి కట్టుకునేవాడు. దూదిని మనం తలకింద పెట్టుకుంటాం గాని ఊపిరిలోకి పీల్చుకోం గదా బాబూ అనేవాడు. దూదికే అంత జాగ్రత్త అయితే గాజు మాటేమిటి? పాత రంగులో సీసం లాంటివి ఉంటే ఆ విషం వేరు. కుట్టు పడవ విప్పినప్పుడు ఎగిరేది గడ్డి, పీచు. ఇది ఊపిరితిత్తుల్లోకి వెళ్తే తిరిగి రాదు.

మర్నాడు విజయనగరంలో ఒక దుకాణం నుంచి ముఖానికి కట్టుకునే మంచి మాస్కులూ, ఒక కట్ట వాటర్ పేపరూ తీసుకుని వెళ్ళాను. ఈ నీళ్ళ కాగితం కథ కూడా చిన్నదే. అమెరికాలో ఫ్రాన్సిస్ ఓకీ అనే సిరా వ్యాపారి నీళ్ళలో నానినా విడిపోని ఉప్పుకాగితం కనిపెట్టాడు. 1921లో అది బజారుకొచ్చింది. దాంతో మోటారుకార్లకి రంగులు వేసే పనివాళ్ళు దుమ్ము మింగే బాధ తగ్గింది. నీళ్ళలో ముంచి రుద్దితే దుమ్ము లేవదు, బురదలా కిందికి కారుతుంది. గ్రైండరు అంత జోరు ఉండదు, నిజమే.

“ఇలగైతే పదిరోజులు పట్టద్ది” అన్నాడు మనవడు.

“పట్టనీ” అన్నాడు మావ. “నీ ఊపిరికి పదిరోజులు సెయ్యవా?”

అక్కణ్ణుంచి పని నెమ్మదిగా సాగింది. నేను రోజు విడిచి రోజు వెళ్ళేవాణ్ణి. మావ దగ్గర రూపాయి బిళ్ళ ఒకటి ఉండేది. దాంతో పడవ ఒళ్ళంతా తట్టుకుంటూ పోయేవాడు. కంగుమంటే గట్టి, డొప్పలా పలికితే లోపల పొరలు విడిపోయినట్టు. వాళ్ళయ్య పలకలు తట్టిన చెయ్యే అది, చేతిలో బిళ్ళ మాత్రం కొత్తది. నీలం పోయింది. ఆకుపచ్చ పోయింది. పసుపు పోయి కింద తెల్లని పొర కనబడింది. కుర్రాడి చెయ్యి జోరుమీద ఉంది.

“ఆపు. ఆపరా గుంటడా! తెలుపొచ్చింది. తెలుపు సర్మం, ఆ కిందది మాంసం. సర్మం మీద నిమిరినట్టు పోవాల. గీకకూడదు.”

చెరువుగట్టున గోగునార ఒలుస్తున్నవాళ్ళు నాకు కళ్ళకి కట్టారు. ఎంత లాగాలి, ఎక్కడ ఆపాలి. పని మారింది, సరుకు మారింది, తెలియవలసిన రహస్యం మాత్రం మారలేదు. పైగా ఇప్పుడు మరింత కష్టమైంది. కుట్టు పడవని తప్పు కుడితే విప్పి మళ్ళీ కుట్టవచ్చు. దీన్ని ఒక్క పొర ఎక్కువ గీకితే ఆ పొర మళ్ళీ రాదు. ప్రతి మరమ్మతూ పడవ ఆయుష్షులోంచి కొంత తీసుకునే చేస్తాం.

“మావా, ఇది నిజంగా పాతబడిపోతే ఏం చేస్తారు?”

ఆయన చెయ్యి చాచి చూపించాడు. ఇసకదిబ్బ వెనక రెండు ఫైబర్ పడవలు పడి ఉన్నాయి, సగం విరిగి, లోపల ముళ్ళపొదలు మొలిచి. కరగవు, కుళ్ళవు. తగలబెడితే నల్లటి ఘాటు పొగ. లోకమంతటా రేవుల్లో ఇదే చిక్కు. “కుట్టు పడవ సస్తే పొయ్యిలో బూడిదయ్యీది. ఇది సావదు, బతకదు. ఎవుడికి సెప్పుకుంటాం?” అన్నాడు.

అయినా ఆయన ఫైబర్‌ని తిట్టలేదు. తిడతాడేమోనని నేను ఎదురుచూశాను, ఒప్పుకోవాలి. కుట్టు పడవలో ఒక మనిషి అస్తమానం నీళ్ళు తోడుతూనే ఉండాలట. చిన్నప్పుడు ఆ పని తనదేనట. “ఈ పడవొచ్చినాక తోడ్డం తప్పింది. నడుం నిలబడింది” అన్నాడు. పాతవన్నీ బంగారమనుకునేది ఒడ్డున నిలబడి చూసే మనబోటివాళ్ళమే.

ఆరో రోజునో ఏడో రోజునో, ముందు భాగంలో కుడిపక్క, పసుపు రంగు కిందనుంచి ఒక అతుకు బయటపడింది. రెండు జానల పొడుగు. చుట్టుపక్కల కంటె వేలెడు మందాన ఉబ్బెత్తుగా ఉంది, ఎగుడుదిగుడుగా. ఎవరో తొందరలో, గాలికి ఎదురు నిలబడి వేసినట్టు ఉంది.

“హుద్‌హుద్‌దండి ఇది” అన్నాడు మనవడు.

2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన ఆ తుఫాను ఇక్కడ కొబ్బరిచెట్లని కూల్చింది. ఒక చెట్టు ఈ పడవ మీద పడింది. మర్నాడే గాజుచాపా రెజినూ సంపాదించి అతుకు వేసి, వారంలో వేటకి పోయారట.

“ఎవరేశారు?” అని అడిగాను.

“మా పెద్దోడు. ఈడి అయ్య.”

“ఇప్పుడెక్కడ?”

మావ సముద్రం వైపు చూశాడు. “వీరావల్‌లో. పండక్కొస్తాడు.”

మనవడు కాగితం తడిపి అతుకు మీద పెట్టాడు, నున్నగా చేసేద్దామని. చదును చేస్తే పడవ అందంగానే ఉంటుంది. మావ లేచి వెళ్ళి వాడి చెయ్యి పట్టుకున్నాడు. “అది వొదిలీ. అరగదీస్తే పల్చనైపోద్ది. నున్నగా ఉండక్కర్నేదు, నీరు రాకపోతే సాలు.” మరమ్మతు లెక్కలో ఆ మాట అక్షరాలా సరైనదే. అతుకుని చదును చేస్తే దాని బలం పోతుంది. ఆ మాటలో మరమ్మతు ఒక్కటే ఉందని మాత్రం నాకనిపించలేదు. కుర్రాడు ఒక్క క్షణం ఆగి, కాగితం తిప్పి అతుకు అంచులు మాత్రం సవరదీసి వదిలేశాడు.

తరువాత పని త్వరగానే సాగింది. మే నెల ఎండకి రెజిన్ మగ్గులోనే గట్టిపడిపోతుంది గనక, తెల్లవారుజామున లేచి కొంచెం కొంచెం కలిపి బొబ్బల గుంటలు పూడ్చారు. అడుగున అరిగిన చోట కొత్త గాజుచాప రెండు పొరలు వేశారు. ఆఖర్న మళ్ళీ నీలమే వేశారు. ఎందుకని అడిగితే, మిగిలిన డబ్బా అదే ఉంది అన్నాడు మనవడు. నేను దానికి గొప్ప అర్థమేదో వెతుకుతున్నానని గ్రహించాడో ఏమో, పకపకా నవ్వాడు.

జూన్ 15న నేను చీకటితోనే వెళ్ళాను. పదిమంది భుజాలు పట్టి పడవని నీళ్ళలోకి తోశారు. నేనూ ఒక చెయ్యి వేశాను. నా చెయ్యి పడ్డది కుడిపక్క ముందు భాగం మీద. కొత్త రంగు కింద ఆ ఉబ్బెత్తు అలాగే తగిలింది. మూడో కెరటం దాటాక ఇంజను చప్పుడు నిలకడగా వినిపించింది. మావ ఒడ్డునే నిలబడి, చెవి ఒగ్గి, అది దూరమయ్యేదాకా విన్నాడు.

ఈ ఏడు కుర్రాడు వీరావల్ మాట ఎత్తలేదట. వచ్చే ఏటి సంగతి వచ్చే ఏడు. ఆ వాటర్ పేపర్ల కట్టలో సగం ఇంకా మిగిలి ఉంది. తడి తగలకుండా ఇంటి చూరులో దాచానని మావ కబురు పెట్టాడు. నీళ్ళలో ముంచి వాడే కాగితానికి తడి భయమేమిటని నేను నవ్వుకున్నాను. నవ్వుకుని, మా నాన్న కూడా అమ్ముడుపోని జనుపదారం ఉండల్ని అలాగే చూరులోనే దాచాడన్న సంగతి గుర్తొచ్చి ఊరుకున్నాను.